తడిసిన మడిగెకు బూజు పట్టకుండా: నీళ్లు దిగిన గంట నుంచి రంగు వేసే రోజు దాకా

చెరువు అలుగు పోసి నీళ్లు బజార్లోకి వచ్చినా, మోరీ పొంగినా, మిద్దె మీది ట్యాంకు పైపు రాత్రంతా కారినా, తెల్లారి మడిగె (దుకాణం గది) షట్టర్ ఎత్తినవాళ్లు ముందు చూసేది సామానే. గోడను ఎవరూ పట్టించుకోరు. సామాను నష్టం ఆ రోజే లెక్క తేలుతుంది. గోడ నష్టం మాత్రం నెల తిరక్కముందే కొత్తగా వేసిన రంగు కింద నుంచి నల్లటి చుక్కలై బయటికొస్తుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కోదాడకు వచ్చినంత వరదే రానక్కర్లేదు. సెల్లార్లో అర అడుగు నీళ్లు రెండు రోజులు నిలిచినా చాలు.

బూజు గింజలు, అంటే కంటికి కనిపించని దాని విత్తనాలు, గాలిలో ఎప్పుడూ ఉంటాయి. దానికి తిండి ప్లైవుడ్, జిప్సం బోర్డు మీది కాగితం, అట్టపెట్టె, నూలు బట్ట, గోడకు పట్టిన దుమ్ము. ఈ రెండింటినీ మనం ఆపలేం. ఆపగలిగింది తడి ఒక్కటే. తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల్లో ఆరిపోతే చాలావరకు బూజు మొలవదు. అందుకే కింది పనులన్నీ తడిని తరమడానికే. మందులు, రంగులు ఆ తర్వాతి మాట.

లోపలికి అడుగు పెట్టే ముందు

నీళ్లు నిలిచి ఉండి, మీటరు బోర్డు ఆ నీళ్ల దగ్గరలో ఉంటే లోపలికి దిగొద్దు. 1912కు ఫోన్ చేసి బయటి నుంచే సప్లై తీయించండి. మెయిన్ ఆఫ్ అయింది కదా అని ధైర్యం చేసేవాళ్లు ఒకటి మర్చిపోతారు: ఇన్వర్టరు. మెయిన్ తీసినా ఇన్వర్టరు, యూపీఎస్, సోలార్ లైన్లు లోపల వైర్లలో కరెంటు నడుపుతూనే ఉంటాయి. వాటినీ విడిగా బంద్ చేయించాలి. నీళ్లు తగిలిన సాకెట్లు, స్విచ్చులు, ఎంసీబీలను ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో (కరెంటు లీకవుతోందేమో చూసే మీటరు) పరీక్షించి సరే అన్నాకే మళ్లీ కరెంటు ఇవ్వాలి. లిఫ్టు గుంతలో నీళ్లు ఉంటే ఆ పని లిఫ్టు కంపెనీదే, మీరు ముట్టుకోవద్దు.

ఫాల్స్ సీలింగ్ కిందికి వంగి కడుపులా కనిపిస్తే దాని పైన నీళ్లు నిలిచాయన్నమాట. కింద నిలబడకుండా పక్క నుంచి పొడవాటి కర్రతో చిన్న పొక్క పెట్టి, కింద తొట్టిపెట్టి, నీళ్లు దించండి. వరద నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి ఉండొచ్చు కాబట్టి గంబూట్లు, రబ్బరు చేతి తొడుగులు తప్పనిసరి. పాములు, తేళ్లు ఎత్తు వెతుక్కుంటాయి. షెల్ఫు మీదికి చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడండి.

ఏదీ కదిలించకముందే ఫోటోలు, వీడియో తీయండి. గోడ మీద నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ గీతను పెన్సిల్‌తో గీసి తేదీ రాయండి. ఈ గీత ఇన్సూరెన్సుకే కాదు, తర్వాత గోడ ఎక్కడిదాకా విప్పాలో తేల్చుకోవడానికీ పనికొస్తుంది. పాలసీ ఉంటే ఆ రోజే కంపెనీకి తెలియజేయండి. సర్వేయర్ వచ్చేదాకా తడి కార్పెట్టును లోపలే ఉంచాలని చాలామంది అనుకుంటారు. దాన్ని బయట పరదా కింద వేసి, అడుగు బై అడుగు ముక్క ఒకటి కోసి సంచిలో దాచి, ఫోటో తీసి పెడితే ఎక్కువగా సరిపోతుంది. ఫోన్లోనే కంపెనీ వాళ్లను అడిగి, వాళ్లన్నది రాసుకోండి.

ఏ నీళ్లో ముందు తేల్చుకోండి

ట్యాంకు పైపు పగిలి వచ్చినవి మంచి నీళ్లు. ఏసీ డ్రైనేజీ, వాష్‌బేసిన్ నుంచి వచ్చినవి వాడిన నీళ్లు. మోరీ, సెప్టిక్ ట్యాంకు, రోడ్డు మీది వరద, చెరువు నుంచి వచ్చినవి మురికి నీళ్లు. మంచి నీళ్లు కూడా రెండు రోజులు నిలిస్తే మురికి నీళ్ల కిందే లెక్క.

మంచి నీళ్లకు తడిసిన కార్పెట్టును, ప్లైవుడ్‌ను ఆరబెట్టి కాపాడుకోవచ్చు. మురికి నీళ్లకు తడిసిన కార్పెట్టు, పరుపు, సోఫా దూది, జిప్సం బోర్డు, ఎండీఎఫ్ చెక్క (చెక్క పొడిని నొక్కి చేసిన పలక), ఏసీ డక్టుల చుట్టూ ఉండే దూది ఇన్సులేషన్ పారేయాల్సిందే. ఎంత కడిగినా వీటి లోపలి మురికి పోదు. ఫంక్షన్ హాలు ఓనర్లు కార్పెట్టు దగ్గర బేరమాడతారు. ఆ బేరం తర్వాత బూజు వాసన వచ్చే పెళ్లి హాలుగా తిరిగి వస్తుంది.

నీళ్లు తోడడం

గ్రౌండ్ ఫ్లోర్ అయితే ఆలోచించేదేం లేదు, వీలైనంత తొందరగా తోడేయండి. సెల్లార్ దగ్గర మాత్రం ఆగాలి. చుట్టూ మట్టి నీళ్లతో నానిపోయి ఉన్నప్పుడు సెల్లార్లో నీళ్లు ఒక్కసారిగా ఖాళీ చేస్తే, బయటి నీటి ఒత్తిడికి గోడ లోపలికి వంగొచ్చు, నేల పైకి లేవొచ్చు. అడుగు లోతు తోడి, గోడ మీద గీత పెట్టి, రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి నీళ్లు గీత పైకి వస్తే బయట ఇంకా నిండుగా ఉన్నట్టు, ఆ రోజు తోడొద్దు. గీత దగ్గరే ఉంటే మళ్లీ ఒక అడుగు.

రైతుల దగ్గర దొరికే డీజిల్ ఇంజన్ పంపు బాగానే పనిచేస్తుంది. అయితే ఇంజన్ ఎప్పుడూ సెల్లార్ బయట, గాలి ఆడేచోట ఉండాలి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. లోపల పనిచేసేవాళ్లకు తెలియకముందే స్పృహ తప్పుతుంది. జనరేటరుకూ ఇదే లెక్క.

అడుగున మిగిలిన బురదను ఎండకముందే పారతో ఎత్తి, నీళ్లతో తోయండి. ఎండితే రాయిలా పట్టుకుంటుంది, ఊడ్చినప్పుడు దుమ్ముగా లేస్తుంది. మోరీ జాలీలు ముందే శుభ్రం చేసుకోకపోతే ఆ బురద అక్కడే అడ్డుపడి నీళ్లు వెనక్కి వస్తాయి.

విప్పడం: అసలు పని ఇక్కడే

పైకి కనిపించే గోడకు గాలి తగులుతుంది, ఎలాగోలా ఆరుతుంది. బూజు పుట్టేది గాలి ఆడని సందుల్లో.

బట్టల షాపు, బంగారం షాపు, మొబైల్ షాపు దేనికైనా వెళ్లి చూడండి. గోడకు చెక్క పట్టీలు కొట్టి, వాటిపైన ప్లైవుడ్, దానిపైన లామినేట్ షీటు అంటించి ఉంటుంది. గోడకూ ప్లైవుడ్‌కూ మధ్య అంగుళంలోపు సందు. ఆ సందులోకి దిగిన నీళ్లు బయటికి రావు. లామినేట్ ప్లాస్టిక్ లాంటిది కాబట్టి ముందు నుంచి ఆవిరి కాదు. ముందువైపు తుడిస్తే మెరుస్తుంది. వారానికి వెనక ప్లైవుడ్ మీద బూడిదరంగు మెత్తటి నూగు పరుచుకుంటుంది, ఏసీ వేయగానే ముక్కిపోయిన బియ్యం వాసన షాపంతా తిరుగుతుంది. ప్యానెల్ విప్పాలంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. విప్పకపోతే ఆరు నెలల్లో ప్యానెల్‌తో పాటు పట్టీలూ పోతాయి.

అందుకని పెన్సిల్ గీత పైన కనీసం ఒక అడుగు దాకా ప్యానెల్ విప్పండి. మొత్తం తీయలేకపోతే కింద రెండడుగుల పట్టీని కట్టర్‌తో సాపుగా కోసి తీస్తే, తర్వాత అదే చోట స్కర్టింగులా కొత్తది పెట్టుకోవచ్చు. జిప్సం పార్టిషన్ అయితే దీపం వత్తిలా నీళ్లను పైకి పీలుస్తుంది. నీళ్లు అర అడుగే వచ్చినా బోర్డు రెండు మూడు అడుగుల దాకా తడిసి ఉండొచ్చు. చేత్తో తట్టి చూడండి: పొడిగా ఉన్నచోట టకటక మోగుతుంది, తడిచోట మొద్దుగా ఉంటుంది. తడి ఎక్కడ ఆగిందో దానికి అడుగు పైన కోసేయండి.

మిగతావి:

- హాలో బ్లాకు గోడల కడుపులో నీళ్లు నిలిచి ఉంటాయి. వైర్లు, పైపులు లేవని చూసుకుని, కింది వరసలో ప్రతి బ్లాకుకూ డ్రిల్లుతో పొక్క పెట్టండి. పొక్కలో నుంచి నీళ్లు ధారగా కారడం చూశాకగానీ చాలామంది నమ్మరు.
- తెల్లటి తేలిక బ్లాకులు, అంటే ఏఏసీ బ్లాకులు, నీళ్లను స్పాంజిలా తాగుతాయి. ఎర్ర ఇటుక గోడ కంటే వీటికి ఎక్కువ టైం ఇవ్వండి.
- బ్యాంకు, ఆఫీసు సర్వర్ గదుల్లో పైకి లేపిన నేల ఉంటే పలకలు తీసి కింద చూడండి. అక్కడ నీళ్లు నిలిచాయని వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు.
- షాబాద్, తాండూరు బండలు పరిచిన పాత దుకాణాల్లో బండల సందుల్లో నుంచి ఊట వస్తుంది. బండ కదులుతుంటే ఒకటి రెండు లేపి కింది ఇసుక చూడండి.
- బీరువాలు, ర్యాకులు, ఫ్రిజ్‌లు గోడకు అడుగు దూరం జరపండి.

ఫాల్స్ సీలింగ్‌లో గోధుమ రంగు మచ్చ పడిన పలకలు తీసేయండి. వాటి పైన స్లాబు కారుతుంటే ముందు స్లాబు సంగతి చూడాలి. మిద్దె మీద నీళ్లు దిగే పైపు నోటిలో ఆకులు, పావురాల రెట్ట నిండి ఉండడమే చాలా లీకేజీలకు కారణం. మిగతావాటికి సజ్జకూ గోడకూ మధ్య చీలిక, ట్యాంకు కింద పగిలిన కోబా (స్లాబు మీద నీళ్లు దిగకుండా వేసే ఇటుక ముక్కల పొర). తడి వచ్చే దారి మూయకుండా లోపల ఆరబెట్టడం అంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

కడగడం

ముందు సబ్బు, తర్వాత మందు. బురద మీద బ్లీచింగ్ పోస్తే బ్లీచింగ్ బురదతోనే ఖర్చయిపోతుంది. 10 లీటర్ల బకెట్‌లో రెండు గుప్పెళ్ల బట్టల సబ్బు పొడి కలిపి, బ్రష్‌తో రుద్ది, మంచి నీళ్లతో కడగండి. ఆ తర్వాత మురికి నీళ్లు తగిలిన టైల్స్, గ్రానైట్, సిమెంటు నేలకు బ్లీచింగ్.

బ్లీచింగ్ పౌడర్‌లో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. 10 లీటర్లకు 150 గ్రాములు కలిపితే 0.5 శాతం ద్రావణం వస్తుంది. ముందు చిన్న డబ్బాలో పేస్టులా కలిపి, మిగతా నీళ్లు పోసి, అరగంట వదిలితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లే వాడండి. నేల మీద పది నిమిషాలు నాననిచ్చి కడిగేయండి. షట్టర్, అల్యూమినియం ఫ్రేములు, స్టీలు మీద ఉంచితే తుప్పు తెస్తుంది. గడ్డకట్టిన పాత సంచిలో పౌడర్‌కు బలం ఉండదు, కొత్తది కొనండి.

బాత్రూం యాసిడ్‌తో బ్లీచింగ్ ఎప్పుడూ కలపొద్దు. టైల్స్ మీద మరకలు పోవాలని ఒకరు యాసిడ్, ఇంకొకరు బ్లీచింగ్ పోసిన మూసిన సెల్లార్లో క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. కళ్లు మండి, ఊపిరాడక పడిపోతారు.

ప్లైవుడ్, జిప్సం, పుట్టీ, ఇటుక మీద బ్లీచింగ్ పెద్దగా ఉపయోగపడదు. మందు పైనే ఆగుతుంది, దానితో కలిసిన నీళ్లు లోపలికి దిగుతాయి. రంగు తెల్లబడిందని మనం సంబరపడతాం, లోపలి బూజుకు ఇంకొంచెం తడి దొరుకుతుంది.

ఆరబెట్టడం

ఇక్కడ మన దగ్గర జరిగే పొరపాటు ఒకటే, కానీ ప్రతి చోటా జరుగుతుంది: కూలర్ తెచ్చిపెట్టడం. గాలి బాగా కొడుతుంది కదా అని పెడతారు. కూలర్ చేసే పనే గాలికి నీళ్లు కలపడం. నీళ్లు పోయకుండా, ప్యాడ్లు తీసేసి వాడితే అది ఫ్యాను, పరవాలేదు. నీళ్లతో నడిపితే మీరే బూజు పెంచుతున్నట్టు.

కావాల్సినవి పెడెస్టల్ ఫ్యాన్లు లేదా నేల మీద పెట్టే బ్లోయర్లు, గాలిలో తేమను చూపించే డిజిటల్ మీటరు, వీలైతే డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమను లాగే యంత్రం). తేమ మీటరు కొన్ని వందల రూపాయలకే వస్తుంది, అది లేకుండా పని మొదలుపెట్టొద్దు. డీహ్యూమిడిఫయర్ హైదరాబాద్ నుంచి కిరాయికి తెచ్చుకోవచ్చు.

12 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు ఉన్న మడిగె అనుకుందాం. చుట్టూ గోడ 84 అడుగులు. తడి గోడ ప్రతి 12 నుంచి 14 అడుగులకు ఒక ఫ్యాను చొప్పున ఆరేడు కావాలి. గోడకు ఎదురుగా కాకుండా, గోడ వెంట జారేలా కొంచెం ఏటవాలుగా, అన్నీ ఒకే దిక్కుకు తిరిగేలా పెట్టండి. గాలి గది చుట్టూ తిరుగుతూ తడిని ఎత్తుకుంటుంది. మధ్యలో ఒక్క పెద్ద ఫ్యాను పెట్టి నాలుగు దిక్కులా తిప్పితే మూలలు తడిగానే మిగులుతాయి. ఒక్క జాగ్రత్త: అప్పటికే బూజు కనిపిస్తుంటే ఫ్యాన్లు వేయొద్దు, అది బూజు గింజల్ని ఊరంతా చల్లుతుంది. కింద ఆ సంగతి రాశాం.

ఇక తలుపులు తెరవాలా, మూయాలా? ముసురు పట్టినప్పుడు తలుపులన్నీ తెరిచి "గాలి ఆడనీ" అంటారు. అది ప్రతిసారీ నిజం కాదు. తేమ శాతం ఒక్కటే చూస్తే సరిపోదు, వేడి గాలి ఎక్కువ నీళ్లు మోస్తుంది కాబట్టి వేడినీ శాతాన్నీ కలిపి చూడాలి. బయట 24 డిగ్రీలు, 90 శాతం తేమ ఉంటే ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 20 గ్రాముల నీళ్లు ఉన్నట్టు. లోపల 30 డిగ్రీలు, 60 శాతం ఉంటే దాదాపు 18 గ్రాములు. అప్పుడు తలుపు తెరిస్తే తడి లోపలికి వస్తుంది. అదే మధ్యాహ్నం వాన ఆగి బయట 32 డిగ్రీలు, 50 శాతానికి దిగితే బయట గాలిలో 17 గ్రాములే. లోపల 30 డిగ్రీలు, 70 శాతం అంటే 21 గ్రాములు. అప్పుడు బార్లా తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను బయటికి తిప్పి వేయండి. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు వానల్లేని రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఈ అవకాశం ఎక్కువగా దొరుకుతుంది. సాయంత్రం చల్లబడగానే మూసేయండి.

మూసినప్పుడు డీహ్యూమిడిఫయర్ నడవాలి. తలుపులు తెరిచి డీహ్యూమిడిఫయర్ వేస్తే మీరు బజారంతా ఆరబెడుతున్నట్టు. అది దొరక్కపోతే స్ప్లిట్ ఏసీని 26 డిగ్రీల దగ్గర డ్రై మోడ్‌లో పెట్టి, ఫ్యాన్లు నడిపించండి. డక్టు ఏసీలోకి మురికి నీళ్లు వెళ్లి ఉంటే శుభ్రం చేయించేదాకా ఆన్ చేయొద్దు. లోపల తేమ 60 శాతం దాటకుండా చూడండి, 50 దగ్గరికి తెస్తే ఇంకా మంచిది. బొగ్గుల కుంపటి పెట్టి గది మూయడం మాత్రం ప్రాణాలతో ఆట.

రోజూ డీహ్యూమిడిఫయర్ బకెట్‌లో ఎన్ని లీటర్లు పడ్డాయో రాసుకోండి. మొదట్లో బకెట్లకు బకెట్లు నిండి, గది మూసే ఉన్నా రోజురోజుకు తగ్గుతూ చెంబుకు వస్తే గోడ ఆరుతోందన్నమాట. అకస్మాత్తుగా మళ్లీ పెరిగితే ఎక్కడో పైపు కారుతోంది, లేదా ఎవరో తలుపు తెరిచిపెట్టారు.

ఆరిందని ఎలా తెలుసుకోవాలి

చేత్తో ముట్టి చూసి "ఆరిపోయింది" అనేవాళ్ల మాట వినొద్దు. ప్లాస్టర్ పైపొర రెండు మూడు రోజుల్లో ఆరుతుంది. వెనక తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఆరడానికి వారాలు, నెలలు పడుతుంది. సిమెంటు కాంక్రీటుకు అంగుళానికి ఒక నెల అని మోటు లెక్క. ఎండాకాలం తొందరగా, ముసురులో ఆలస్యంగా అవుతుంది.

చెక్కకు సూదుల తేమ మీటరు వాడండి. 20 శాతం పైన ఉంటే బూజుకు, పుచ్చుకు దారి. 15-16కు దిగాకే దానిమీద ఏదైనా కప్పండి. అదే మీటరు ఇటుక గోడ మీద అంకె చూపిస్తుంది గానీ ఆ అంకెను అలాగే నమ్మలేం. తడవని గోడ, లేదా అదే గోడ ఆరడుగుల ఎత్తున చూసిన అంకెతో పోల్చండి. రెండూ దగ్గరికి వచ్చేదాకా ఆగండి.

సూదుల మీటరు లేనివాళ్లకు పాలిథీన్ పరీక్ష ఉంది. అడుగున్నర బై అడుగున్నర మందపాటి ప్లాస్టిక్ కవరు గోడకో నేలకో పెట్టి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరబడకుండా అంటించండి. ఒక రోజంతా వదిలేయండి. తీసినప్పుడు లోపల బిందువులు పట్టినా, కవరు కింద గోడ ముదురు రంగులో కనిపించినా ఇంకా నిమ్ము ఉంది.

గోడ మీద తెల్లటి పొడి కనిపిస్తే కంగారుపడి బూజు మందు కొనొద్దు. మన వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లతో కట్టిన, క్యూరింగ్ చేసిన గోడ తడిసి ఆరేటప్పుడు ఉప్పు పైకి పొంగుతుంది. దానిమీద ఒక చుక్క నీళ్లు వేయండి: కరిగిపోతే ఉప్పు, కరక్క నూగులా ఉంటే బూజు. ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి తీయాలి. నీళ్లతో కడిగితే మళ్లీ గోడలోకే వెళ్లి వచ్చే వానాకాలం మళ్లీ పొంగుతుంది. నల్లటి మచ్చ మురికో బూజో తేలకపోతే, ఒక చుక్క పలచటి బ్లీచింగ్ వేసి రెండు నిమిషాలు చూడండి. రంగు తగ్గితే ఎక్కువగా బూజే.

అప్పటికే బూజు కనిపిస్తే

మొత్తం కలిపి పది చదరపు అడుగుల లోపు, అంటే ఒక తలుపులో సగం అంత ఉంటే మీరే చేసుకోవచ్చు. అంతకంటే ఎక్కువైనా, మురికి నీళ్ల వల్ల వచ్చినా, ఏసీ డక్టుల్లో ఉన్నా అనుభవమున్న వాళ్లను పిలవండి. ఆస్పత్రి అయితే చిన్న మచ్చయినా సరే రోగులున్న వైపు గీకొద్దు. కేన్సర్ మందుల మీద ఉన్నవాళ్లకు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఆ దుమ్ము చాలా ప్రమాదం. ఉబ్బసం ఉన్న పనివాళ్లను ఈ పనికి పెట్టొద్దు. గోడ మీది నల్ల బూజును చూసి 2021లో భయపెట్టిన బ్లాక్ ఫంగస్ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది వేరే జాతి, దానికి ఆ పేరు చచ్చిపోయిన కండ నల్లబడడం వల్ల వచ్చింది.

ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, తొడుగులు వేసుకోండి. రుమాలు కట్టుకుంటే గింజలు ఆగవు. ఫ్యాన్లు, ఏసీ ఆపండి. ఆ భాగాన్ని ప్లాస్టిక్ షీటుతో నేల నుంచి సీలింగ్ దాకా మూసి, కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాను బయటికి పెట్టండి. బూజు మీద ముందు సబ్బు నీళ్లు స్ప్రే చేయండి, పొడిగా గీకితే లేచే దుమ్ములోనే ప్రమాదమంతా. టైల్, గాజు, లోహం అయితే రుద్ది తుడిస్తే చాలు. ప్లాస్టర్ అయితే పుట్టీతో సహా గట్టి పొర తగిలేదాకా గీకండి. జిప్సం, ఎండీఎఫ్, ఉబ్బిన ప్లైవుడ్ అయితే కోసి, అక్కడే కవర్లో మూట కట్టి, ఆ తర్వాతే బయటికి తీసుకెళ్లండి. చివర్లో తడిబట్టతో తుడవండి. మామూలు వాక్యూం క్లీనర్ వాడితే గింజల్ని వెనక నుంచి గదంతా ఊదుతుంది, హెపా ఫిల్టర్ (అతి సన్నటి దుమ్మును పట్టే జల్లెడ) ఉన్నదైతేనే వాడండి.

సరుకు సంగతి

మిర్యాలగూడ వైపు మిల్లుల్లో, గోదాముల్లో తడిసిన ధాన్యం బస్తాలను అదే రోజు విప్పి పలచగా పరవాలి. కుప్పగా ఉంటే లోపల వేడెక్కుతుంది. కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి తేమ పరిమితి 17 శాతం అని అందరికీ తెలుసు, కానీ నిల్వకు 14 దగ్గరికి తేవాలి. పల్లీ, మక్కలకు పచ్చని బూజు పడితే ఏరి అమ్ముకోవాలని చూడొద్దు. అఫ్లాటాక్సిన్ విషం కడిగినా, వేయించినా పూర్తిగా పోదు. బస్తాలు గోడకు రెండడుగుల దూరంలో, చెక్క పలకల మీదే ఉండాలి.

గద్వాల, నారాయణపేట చీరలు తడిస్తే కవర్ల నుంచి తీసి నీడలో ఆరేయండి. మడతల్లో బూజు మచ్చ పట్టిందంటే పట్టు మీద నుంచి పోదు. తడిసిన ఫైళ్లు, దస్తావేజులు రెండు రోజుల్లో ఆరబెట్టలేమనిపిస్తే కవర్లలో పెట్టి గడ్డకట్టే చలిలో, అంటే డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. బూజు అక్కడే ఆగిపోతుంది, తర్వాత తీరిగ్గా కొన్ని కొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు.

మళ్లీ కట్టేటప్పుడు

దసరాకో, పెళ్లిళ్ల సీజన్‌కో షాపు తెరవాలన్న తొందరే బూజుకు పెద్ద చుట్టం. తడి గోడకు పుట్టీ పెట్టి, వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే తడి లోపలే బందీ అవుతుంది. నెల రోజుల్లో బుడగలు, తర్వాత పెచ్చులు, తర్వాత నల్లటి చుక్కలు. తప్పక షాపు తెరవాల్సి వస్తే గోడను అలాగే ప్లాస్టర్‌తో వదిలి, సున్నం వేసి నడిపించండి. సున్నం గోడను గాలి పీల్చుకోనిస్తుంది, దాని ఘాటుకు బూజు సులువుగా పట్టదు. చూడ్డానికి గొప్పగా ఉండదు, కానీ ఆరు నెలల తర్వాత రంగు ఒక్కసారే వేసుకుంటారు.

సుతారి మేస్త్రికి ముందే చెప్పండి: కింది మూడడుగులకు పీఓపీ, జిప్సం ప్లాస్టర్ వద్దు, సిమెంటు ప్లాస్టరే. ప్యానెల్ పెట్టాలనుకుంటే నేలకు రెండు అంగుళాలు పైన మొదలుపెట్టి, కిందా పైనా గాలి ఆడే సందు వదలండి. ఆ కింది భాగంలో ప్లైవుడ్‌కు బదులు సిమెంటు బోర్డు వాడండి. సాకెట్లను నేలకు మూడడుగుల పైకి మార్పించండి. కార్పెట్టు ఉన్నచోట టైల్ వేయండి. మడిగె కిరాయిదారుడిదైతే గోడలు, ప్లాస్టర్, లీకేజీ ఓనరు లెక్కలోకి, ప్యానెల్, ర్యాకులు కిరాయిదారుడి లెక్కలోకి అని అగ్రిమెంటు చూసి ముందే తేల్చుకోండి. ఆ గొడవ తేలేదాకా బూజు ఎదురుచూస్తూ కూర్చోదు.

రంగు వేసిన వారానికి, నెలకు, తర్వాత వచ్చే మొదటి ముసురుకు మూడుసార్లు చూడండి. ప్రతిసారీ ముందు రాత్రి ఏసీ, ఫ్యాన్లు ఆపి, షట్టర్ దించండి. తెల్లారి ఊడ్చేవాళ్లు రాకముందే, అగరుబత్తి వెలిగించకముందే మీరే షట్టర్ ఎత్తి ముక్కుతో చూడండి. ముక్కిన వాసన వస్తే ఏ మూల నుంచో పట్టుకుని ఆ ప్యానెల్ విప్పండి.